మన సొంత పద్ధతి

కొత్త మొబైల్ ఫోన్లకు దేశమంతటా ఏ సాంకేతిక పద్ధతి వాడాలో బీజింగ్‌లోని మంత్రిత్వ శాఖ ఆ రోజు తేల్చాలి. జర్మన్ల పద్ధతిని వాళ్లతో కలిసి పరీక్షించిన ఇంజనీరు షు యాలాన్ దాన్ని వివరించింది. ఉపమంత్రి మెచ్చుకోలుగా తల ఊపాడు.

అది చూసి తోటి ఇంజనీరు గ్వాన్ పేలిన్ కడుపు రగిలిపోయింది. కాలేజీ నాటి నుంచీ ఆమెదే మొదటి స్థానం, అతనిది రెండోది.

లేచి నిలబడ్డాడు. "బాగానే ఉంది సార్. కానీ అది పరాయివాళ్ల సొత్తు. రేపు మనవాళ్లు ఇంటికి ఫోన్ చేసుకోవాలన్నా వాళ్ల దయ కావాలా? మనకంటూ సొంతది ఉండొద్దా?"

గదిలో చప్పట్లు మోగాయి. యాలాన్ ముఖం పాలిపోయింది. పేలిన్‌కు కడుపు చల్లబడింది.

ఉపమంత్రి టీ కప్పు మూత పక్కన పెట్టాడు. "కామ్రేడ్ గ్వాన్ మా కళ్లు తెరిపించాడు. ఇది దేశం పరువు. మనదే తయారుచేద్దాం."

ఆ పని తనకే అప్పగిస్తారని పేలిన్ లేవబోయాడు.

ఉపమంత్రి యాలాన్ వైపు తిరిగాడు. "వాళ్లదాని ఆనుపానులు తెలిసినవాళ్లే మనది కట్టగలరు. షు గారూ, ఈ బాధ్యత మీదే."

బయట వరండాలో యాలాన్ అతని చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు.

"సొంతంగా చేద్దామని అడిగే ధైర్యం నాకు లేకపోయింది పేలిన్. నేను చేయగలనని నమ్మినవాడివి నువ్వొక్కడివే."