ఇంగ్లీషు పూజ

ఆదివారం చర్చిలో పూజ మానితే పాపం. తెలుగు పూజలో ఫాదర్‌గారు "ఒకరికొకరు శాంతి సమాధానాలు తెలుపుకోండి" అనగానే తమ్ముడు రాయప్పతో చెయ్యి కలపాలి. మూడేళ్లుగా మాకు మాటల్లేవు.

అందుకని ఆదివారం ఆజ్ఞ మీరకుండా, ఇవాళ అదే తార్నాక చర్చిలో యూనివర్సిటీ క్యాంపస్ పిల్లల కోసం జరిగే ఇంగ్లీషు పూజకు మారాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ప్రాణానికి హాయిగా ఉంది.

ఫాదర్‌గారు "పీస్" అనగానే వెనక్కి తిరిగి చెయ్యి చాచాను. ఎదురుగా రాయప్ప!

"నీకు ఇంగ్లీషెప్పుడొచ్చిందిరా?"

"నువ్వు తెలుగు పూజలో ఉంటావని ఇటొచ్చాను అన్నయ్యా."

చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంటే పిల్లలు చూస్తారు. "పీస్," అన్నాను. "పీస్," అన్నాడు.

బయటికొచ్చాక వాడే అన్నాడు: "ఇంగ్లీషులో అన్నది లెక్కలోకి రాదులే."

"రాదు," అన్నాను.

మూడేళ్లకు అన్నదమ్ములం ఏకమైంది ఆ ఒక్క మాట మీదే.