ఎడమ కుర్చీ

వసపిట్టకు ఇది మూడో ఛాన్సు. నోరు మూతపడదని తోటివాళ్లు పెట్టిన పేరది. ఈసారీ తప్పితే మానసిక వైద్య శిక్షణకు నీళ్లొదిలేసి ఇంటికి పోవడమే.

పరీక్ష పది నిమిషాల వీడియో. రెండు కుర్చీలు, ఇద్దరు ఆడవాళ్లు. ఒకరు డాక్టర్, ఒకరు పేషెంటు. పేషెంటు మనసు ఎలా ఉందో చెప్పాలి. పేషెంట్లు బెదురుతారని ఇక్కడ డాక్టర్లు తెల్లకోటు వేసుకోరు. గుట్టు బయటపడకూడదని వీడియోలో మాటలు తీసేశారు, ముఖాలు మసక చేశారు. ఇక మిగిలింది కాళ్లూ చేతులే. మూత తీయకుండా కూరలో ఉప్పు చూడమన్నట్టుంది.

ఎదురుగా విభాగం అధిపతి, పెద్ద మేడమ్. ఆవిడ మూడ్ కొలిచే స్కేలు ఇంకా తయారు కాలేదని స్టూడెంట్ల జోకు.

వీడియో ఆగింది.

"ఊఁ, చెప్పు," అంది మేడమ్.

"ఎడమ కుర్చీలో ఆవిడ లోలోపల కుమిలిపోతోంది మేడమ్. తొమ్మిదిసార్లు గడియారం చూసింది. పెన్ను మూత కొరికి కొరికి పిప్పి చేసింది. ఆ కాలు చూశారా, ఒక్క క్షణం కుదురుగా లేదు."

మేడమ్ ఏదో అనబోయి ఆగింది. "ఇంకా?"

"బాగా అలిసిపోయింది పాపం. ఇంట్లో వినే దిక్కు లేదనుకుంటా. కుడి కుర్చీలో ఆవిడ నీళ్ల గ్లాసు ముందుకు జరిపి చెయ్యి నిమిరిందా, అంతే, ఈవిడ భుజాలు వణికాయి. డాక్టరంటే అలా ఉండాలి మేడమ్!"

మేడమ్ కళ్లజోడు తీసి తుడిచింది. పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచింది.

"అయితే ఏం చేద్దామంటావ్?"

ఆ గొంతు అంత మెత్తగా పలకడం వసపిట్ట ఎప్పుడూ వినలేదు. దాంతో ఇంకా రెచ్చిపోయింది.

"ముందు నెలరోజులు సెలవు పెట్టించాలి మేడమ్. కడుపులోది ఎవరితోనైనా చెప్పుకోనివ్వాలి. ఇలాగే వదిలేస్తే మనిషి మనకి దక్కదు."

మేడమ్ మార్కుల కాగితం మీద ఏదో రాసి, మడిచి వసపిట్ట చేతిలో పెట్టింది. లేచి వెళ్లిపోయింది.

వసపిట్ట ఒక కన్ను మూసుకుని కాగితం విప్పింది.

'పాస్' అని ఉంది.

ఎగిరి గంతేసి, కిందిలైను చదివింది.

'నెల సెలవు పెడుతున్నాను. పేషెంటు కుడి కుర్చీలో ఆవిడ, ఎడమ కుర్చీలో ఉన్నది నేను.'