ఊపిరి తనిఖీ

రాహేలు కుక్కర్ కింద స్టవ్ ఆపేసింది. మధ్యలో విజిల్ వస్తే తనిఖీ పెట్టె మళ్లీ మొదటికొస్తుంది. మనిషి గొంతేనని ఆ పెట్టె ఒప్పుకుంటే తప్ప ఇప్పుడు ఏ పాటా బయటికి వెళ్లదు. ఇప్పటికే రెండుసార్లు కాదంది. మూడోసారీ కాదంటే రాహేలు, లేయా అనే ఈ కవలల తొమ్మిదేళ్ల పాటలన్నీ యంత్రాల పాటల్లో కలిసిపోతాయి.

ఇద్దరి గొంతూ ఒక్కటే. ఒకరు ఊపిరి తీసుకునేటప్పుడు రెండోవాళ్లు పాట పట్టుకుంటారు, చర్చి కాయిర్‌లో నేర్చిన పద్ధతి అది. ఎక్కడా ఊపిరి సందు వినబడదు. జనం చెవి కోసుకున్నది దానికే. పెట్టె కాదన్నదీ దానికే.

"ఈసారి ఇద్దరం ఒకేచోట ఊపిరి తీసుకుందాం అక్కా. దానికి వినబడేట్టు."

"అప్పుడది మన పాటెట్టా అవుద్దే?" అంది నాలుగు నిమిషాల ముందు పుట్టిన లేయా.

"అయితే తొమ్మిదేళ్లూ పోనీ!"

లేయా పెట్టె మీది ఎర్రదీపం కేసి చూసింది. తర్వాత శ్రుతి అందుకుంది.

ప్రతి పాదం చివరా ఇద్దరూ కలిసి ఆగారు. పాట అయ్యేదాకా లేయా కళ్లు తెరవలేదు. పచ్చదీపం వెలిగింది. రాహేలు అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"మనిషి గొంతే," అంది పెట్టె. "పాడినది ఒక్కరు. ఆ ఒక్కరి పేరు చెప్పండి."

చెప్పడానికి ఇద్దరూ ఒకేసారి ఊపిరి తీసుకున్నారు.