కోతలరాయుడి ఆధారాలు

ఇనుప తలుపు ధడాలున మూసుకుంది.

చిరిగిన పుస్తకాలు కుట్టే బైండరు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. గ్రంథాలయం నేలమాళిగలోని ఆ పత్రికల గదికి కిటికీ అన్నది లేదు. మరి గాలి ఎక్కణ్ణుంచి వచ్చి తలుపును తోసిందో ఆలోచించే ఓపిక అప్పుడాయనకు లేదు. తోశాడు, గుద్దాడు, చివరికి కాలితో తన్ని తన కాలే పట్టుకుని కూర్చున్నాడు. ఆ తలుపుకు లోపలివైపు పిడి కూడా లేదు.

“మేడమ్! లైబ్రేరియన్ మేడమ్! ఎవరండీ పైన?”

ఎవరూ పలకలేదు. శనివారం కదా, మధ్యాహ్నానికే మూసేస్తారు. “చిరిగిన సంపుటాలేవో చూసి రండి బైండరుగారూ” అని కిందికి పంపిన మేడమే ఆ మాట మరిచి ఇంటికి వెళ్ళిపోయి ఉంటుంది. రేపు ఆదివారం. అంటే సోమవారం దాకా ఈ గదిలో తనూ, పాత వార్తాపత్రికలూ, బొద్దింకలూ.

సాయంత్రం మనవరాలి నాటకం ఉంది. బడిలో మొదటిసారి వేషం కడుతోంది. పోయినసారి పాటల పోటీకి వస్తానని ఎగ్గొట్టాడు. అంతకుముందు పుట్టినరోజుకీ అంతే. “ఈసారి కూడా రాకపోతే నిన్ను తాతా అని పిలవను. ఫలానా ఆయన అంటాను, అంతే” అని ఆ పిల్ల తేల్చి చెప్పేసింది.

ఫోను తీశాడు. ఆ మందపాటి గోడల మధ్య సిగ్నల్ సున్నా. గ్రంథాలయం వైఫై మాత్రం అందుతోంది. అయితే అందులో ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం తప్ప మరేదీ తెరుచుకోదు. పాఠకులు సినిమాలు చూస్తూ కూర్చుంటున్నారని మేడమ్ అలా కట్టడి చేసింది.

పోనీలే, అదైనా ఉంది అనుకున్నాడు. జీతం భత్యం లేకుండా ఆ విజ్ఞాన సర్వస్వాన్ని రాసే ఔత్సాహికుల్లో ఆయనా ఒకడు. అక్కడ ఆయన పేరు కోతలరాయుడు. తనే పెట్టుకున్నాడు. పైగా గ్రంథాలయంలో కనిపించినవాళ్ళందరికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఊరి గురించి వ్యాసాలు మహా రంజుగా రాస్తాడు. ఆధారం మాత్రం చూపించడు. అడిగితే “రేపు పత్రికల గదిలో చూసి పెడతా” అంటాడు. ఆ రేపు ఏళ్ళ తరబడి వస్తూనే ఉంది.

ఆధారం చూపమని ఆయన వెంటపడేది మొండిఘటం. ఆడో మగో, ముసలో పడుచో ఎవరికీ తెలియని మరో ఔత్సాహిక ప్రాణి.

ఔత్సాహికులంతా మాట్లాడుకునే చర్చాపేజీ తెరిచి రాశాడు: “బాబోయ్! గ్రంథాలయం నేలమాళిగలో ఇరుక్కుపోయాను. ఎవరైనా వచ్చి తలుపు తీయండి.”

క్షణంలో మొండిఘటం తగులుకుంది. “ఆధారం?”

“ఆధారమేమిటి నీ మొహం! ఇరుక్కున్నది నేనేనయ్యా!”

“సొంత అనుభవం ఆధారం కాదు. ఇక్కడి నియమం నీకు తెలీదా? మొన్న మన గడియార స్తంభం మీది గడియారాన్ని ఏనుగు మింగిందని రాసింది ఎవరు?”

“అది వేరు, ఇది వేరు.”

“రెండూ నువ్వు చెప్పినవేగా!”

ఇంతలో చీపురు అనే ఇంకో ఔత్సాహికుడు తలదూర్చాడు. వేరే ఊరివాడు, మెత్తని మనిషి. “పాపం, నిజమేనేమో. గ్రంథాలయానికి ఫోను చేసి చూస్తే?”

“చేశాను. ఎవరూ ఎత్తలేదు,” అంది మొండిఘటం. “నువ్వెళ్ళి నీ పని చూసుకో నాయనా. ఈయన సంగతి నేను చూసుకుంటాను.”

చీపురు నమ్మి వెళ్ళిపోయాడు.

బైండరు గబగబా టైపు చేశాడు. “తల్లివో తండ్రివో నాకు తెలీదు. మనవరాలి నాటకం ఉంది. ఏం చేస్తే నమ్ముతావు?”

“నిజంగా పత్రికల గదిలోనే ఉంటే, పాత వంతెన తెరిచిన నాడు పత్రికలో ఏం వేశారో చూపించు. తేదీ, పేజీ, ఫొటోతో సహా.”

ఫోను వెలుగులో తుమ్ముతూ వెతికాడు. దొరికింది. ఫొటో తీసి పెట్టాడు.

“ఈ కాగితం ఎవరింటి అటకమీదైనా ఉండొచ్చు. మిల్లు తగలబడిన వార్త?”

అదీ పెట్టాడు.

“బాగానే ఉంది. సర్కస్ ఏనుగు తప్పించుకున్న వార్త?”

బీరువాలన్నీ కిందామీదా చేశాడు. చొక్కా దుమ్ము కొట్టుకుపోయింది. చివరికి ఏనుగు నిజంగానే కనిపించింది! కాకపోతే అది మింగింది గడియారం కాదు, మునిసిపల్ ఛైర్మన్ గొడుగు. బైండరు తన అవస్థ మరిచిపోయి ఒక్కడే పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు నాలుగు గోడలకూ తగిలి తిరిగొచ్చేసరికి ఏడుపు ముంచుకొచ్చింది.

“ఇంక నావల్ల కాదు,” అని రాశాడు. “తెర లేచే వేళయింది. ఆ పిల్ల తెర సందులోంచి నాకోసమే చూస్తుంటుంది. బుద్ధొచ్చింది. ఈ జన్మలో ఆధారం లేకుండా ఒక్క ముక్క రాయను. ఒట్టు. ఎవరినైనా పంపు తల్లీ!”

చాలాసేపు జవాబు రాలేదు. బైండరుకు ప్రాణం లేచొచ్చింది. ఈసారి నమ్మినట్టే ఉంది. ఎవరైనా మెట్లు దిగి వస్తున్నారేమోనని తలుపుకు చెవి ఆనించి నిలబడ్డాడు.

ఆ తలుపుకు అవతల, ఆయన చెవికి జానెడు దూరంలో కుర్చీ వేసుకుని కూర్చున్న లైబ్రేరియన్ మేడమ్, ఆయన వ్యాసాల్లో ఆధారం లేనివి ఇంకా ఎన్ని మిగిలాయో ఓసారి చూసుకుని, బయటికి తీసిన తాళంచెవిని మళ్ళీ చేతిసంచిలో వేసుకుని, “ఒట్లు ఆధారం కావు రాయుడూ, ఊళ్ళోకి మొదటి బస్సు వచ్చిన వార్త చూపించు” అని మొండిఘటం పేరుతో టైపు చేసింది.