సక్రి చేనులో గుంత

చుట్టుపక్కల బోర్లన్నీ ఎండిపోయినా తన బావిలో మాత్రం నీళ్లెందుకు ఉంటాయో నర్సింగరావుకు ఏళ్ల తరబడి అంతుబట్టలేదు.

"నరసింహస్వామి దయ" అనేది భార్య ఈశ్వరమ్మ.

"పక్క చేన్లవాళ్లు ఆ స్వామికి మొక్కరా?" అనేవాడు. భక్తి ఉంది గానీ, స్వామి ఒకరి పక్షమంటే ఆయన మనసొప్పేది కాదు.

మహబూబాబాద్‌లో కిరాణా కొట్టు, ఊరి శివారులో ఎకరం కూరగాయల తోట ఆయనవి. తోటకు ఎగువన తండా మనిషి సక్రికి అరెకరం మెట్ట చేను. దాని దిగువ కొసన, నర్సింగరావు గట్టును ఆనుకొని, ఆమె పెద్ద గుంత తవ్వుకుంది. మట్టి జారకుండా చుట్టూ వట్టివేరు గడ్డి నాటింది.

రోజూ ఆయన బావిలోంచి ఒక బిందె తాగునీళ్లు తీసుకుపోయేది. ఆయన కాదనేవాడు కాదు. పుణ్యమనుకునేవాడు.

"గా గుంత పూడ్చి మిరప పెట్టరాదు, సక్రీ?"

"ఉండనియ్యి సేటూ. కప్పలు బతుకుతయి."

"కప్పలు నీకు కౌలు గడ్తయా?"

"గడ్తయి. నీకెరుక లేదు" అని నవ్వేది.

శివారులో ఇళ్లు లేచాయి. దోమలని కాలనీవాళ్లు అర్జీ రాస్తే మొదటి సంతకం నర్సింగరావే పెట్టాడు. గుంత పూడ్చడానికి జేసీబీ వచ్చిన రోజు సక్రి ఆయన దగ్గరికి వచ్చింది.

"నువ్వన్న ఆపు సేటూ."

"పిల్లలు జరాలతోని దవాఖానల పడుతున్నరు. నేనేం జెయ్య?"

ఆమె వెనుదిరిగి వెళ్లిపోయింది. మర్నాటి నుంచి బిందె పట్టుకొని రాలేదు.

కోపమొచ్చిందనుకున్నాడు.

మరుసటి ఎండాకాలం బావి ఎండింది. టమాటా తోట నిలువునా మాడిపోయింది. బావి అడుగున బురదను చూసి, తలెత్తి ఎగువన పూడ్చేసిన గుంత వైపు చూశాడు. అప్పుడు తండాకు పరుగెత్తితే, సక్రి మాఘమాసంలోనే పోయిందన్నారు.

తన తోటలోనే పై మూలన నాలుగు సాళ్ల నేల వదిలి, గుంత తవ్వించాడు. తొలి వానకు అది నిండాక, సక్రి కూతురు జమునను పిలిచి చూపించాడు.

"మీ అమ్మకు బాకీ పడ్డ బిడ్డా. ఇప్పటికి గింత తీర్చిన. నా బాయికి నీళ్లు ఆమె గుంతలకెల్లే ఊరేటియి. అప్పుడు నాకూ తెల్వదు, పాపం ఆమెకూ తెల్వదు."

జమున కొంగుతో కళ్లొత్తుకుంది.

"అమ్మకు తెలుసు సేటూ. కింది కొసన ఉన్న నీళ్లు మా చేనుకు ఎక్కయి గద. ఒకరి నీళ్లు ఊరికెనే తాగొద్దని, నీ బాయి కోసమే తవ్వింది. గుంత పోయినంక, ఇగ ఎట్ల తీరుస్తనని, బిందె ముట్టలే."