పిల్లికూతలు

“ఉబ్బసమా? మా ఇంటా వంటా లేదండీ!”

పూర్ణిమ తడుముకోకుండా చెప్పేసింది.

ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న కుర్ర డాక్టరు నితిన్ కాగితం మీద ‘లేదు’ అని రాసుకున్నాడు.

చిలకలపూడిలో అంతే. ఇంటికి చుట్టం వస్తే మంచినీళ్ళు, సర్వేవాళ్ళు వస్తే అబద్ధాలు!

అయినా పూర్ణిమ భయం పూర్ణిమది. ముందుగదిలోనే మొగుడు వెంకటపతి గ్యాసు మంట పెట్టుకుని రోల్డుగోల్డు గొలుసులు అతికిస్తాడు. ఆ మంటే ఇంటికి తిండి పెడుతోంది. పిల్లల ఊపిరితిత్తుల మీద పరిశోధన అంటూ వచ్చినవాళ్ళు రేపు పని ఆపమంటే? పైగా ఆడపిల్లకి ఉబ్బసమని ఊరంతా తెలిస్తే?

అందుకే ఎనిమిదేళ్ళ కూతురు హర్షిణిని పెరట్లోకి పంపేసి, “దగ్గావంటే చూడు!” అని వేలు చూపించి మరీ వచ్చింది.

డాక్టరు వెనకే గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నేతచీర, రబ్బరు చెప్పులు, చంకలో పరికరాల పెట్టె.

“ఏం ఆయమ్మా, అలా నిలబడిపోయావ్? పెరట్లోకెళ్ళి కూచో. టీ ఇస్తాలే,” అంది పూర్ణిమ.

నితిన్ ఏదో అనబోయి ఆగిపోయాడు. ఆవిడ చెప్పులు విడిచి పెరట్లోకి నడిచింది.

డాక్టరుకి కప్పూ సాసరూ, ఆయమ్మకి స్టీలు గ్లాసూ. మర్యాదల్లో మనవాళ్ళకి వంక పెట్టగలమా!

పూర్ణిమ టీ పట్టుకెళ్ళేసరికి ఆవిడ గట్టు మీద కూర్చుని, అక్కడున్న గోంగూర కట్ట విప్పి ఆకు వలుస్తోంది. పక్కనే హర్షిణి భుజాలెగరేస్తూ ఊపిరి లాగుతోంది.

“పిల్లికూతలు ఎప్పట్నించమ్మా?” అంది ఆవిడ, ఆకు మీంచి తలెత్తకుండా.

పూర్ణిమ గబుక్కున ముందుగది వైపు చూసింది. కానీ అడిగింది డాక్టరు కాదుగా, ఆయమ్మేగా!

“మూడేళ్ళయింది ఆయమ్మా. వాళ్ళ నాన్న మంట వెలిగిస్తే చాలు, మొదలు. ఇంక తెల్లార్లూ కూచునే ఉంటుంది, పడుకోలేదు. దాన్ని చూస్తుంటే నా ప్రాణం పోతుందనుకో. నీకు దణ్ణం పెడతా, ఆ డాక్టరుతో అనకు.”

“ఉబ్బసం లేదన్నావుగా?”

“ఉబ్బసం ముసలాళ్ళకి కదా! ఇది ఒట్టి పిల్లికూతలు.”

ఆవిడ నవ్వింది.

“దొంగపిల్లిని బంగారుతల్లీ అని పిలిస్తే పాలు తాగడం మానుతుందా? రెండూ ఒకటేనమ్మా.”

పూర్ణిమ టీ గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

“మరి నోట్లో పెట్టి మందు పీల్చే ఆ పంపు పెడితే అలవాటైపోతుందంటారే?”

“కళ్ళజోడు అలవాటైపోతుందని చూపు లేకుండా తిరుగుతామా?”

“పని మానేయమంటారేమో...”

“ఎవరూ మానమనరు. మంట పెట్టే పని బల్ల ఈ పెరటి వసారాలోకి మార్చుకోండి. పొగ బయటికి పోతుంది. మంట వెలిగినప్పుడు పిల్లని ఇటు రానీకు.”

“డాక్టర్ల వెంట తిరిగి తిరిగి నీక్కూడా బాగానే అబ్బిందే!” అని మెచ్చుకుంది పూర్ణిమ.

ఆవిడ పెట్టె తెరిచి, అంకెలు వేసి ఉన్న చిన్న గొట్టం హర్షిణి చేతికిచ్చింది.

“ఇది పుట్టినరోజు కేకనుకో, కొవ్వొత్తులన్నీ ఒక్కసారే ఆర్పాలి. ఊదు బంగారం!”

పిల్ల బలమంతా పెట్టి ఊదింది. గొట్టం మీది ముల్లు సగం దాకా కూడా వెళ్ళలేదు.

పూర్ణిమకి ఏడుపు ఆగలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తనే ముందుగదిలోకి వెళ్ళింది.

“ఆ ‘లేదు’ కొట్టేయండి డాక్టరుగారూ. మా పిల్లకి ఉంది.”

మూడు నెలలు తిరిగాయి.

వెంకటపతి బల్ల వసారాలోకి మారింది. హర్షిణి రోజూ పంపు వాడుతోంది, ఒళ్ళు తెలీకుండా నిద్రపోతోంది. మొన్న బడి పరుగుపందెంలో మూడోదిగా వచ్చింది. గుమ్మం దాకా పరిగెత్తితే చాలనుకున్న పిల్ల!

పూర్ణిమ మంచి చీర ఒకటి కొని, ఆటో ఎక్కి బందరులో నితిన్ ఆఫీసుకి వెళ్ళింది.

“ఇది మీ ఆయమ్మకండీ. మందు మీరే ఇచ్చారు, కాదన్ను. కానీ నా చేత నిజం చెప్పించింది ఆవిడే. ఏదీ, ఓసారి పిలవండి!”

నితిన్ లేచి ఆమెకి కుర్చీ జరిపాడు.

“పోయిన వారమే రిటైరయ్యారండీ. వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు.”

“అయ్యో! ఆయమ్మలకి పెన్షనన్నా వస్తుందా, పాపం?”

“ఆయమ్మ కాదండీ. డాక్టర్ రత్నకుమారి గారు. ఈ పరిశోధన మొత్తం ఆవిడదే. నేను ఆవిడ దగ్గర చదువుకుంటున్నవాణ్ణి.”

పూర్ణిమ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

“అయ్యయ్యో, అంత మనిషిని నువ్వు నువ్వన్నానండీ! మీరన్నా చెప్పొద్దా?”

“చెప్పబోతుంటే ఆవిడే కళ్ళతో ఆపేశారండీ. దార్లో అడిగితే, ‘డాక్టరుకి దాచింది ఆయమ్మకి చెప్పుకుంటారయ్యా, పిల్లలు హాయిగా ఊపిరి పీల్చుకుంటే చాలు, నన్నేమని పిలిస్తే ఏం’ అన్నారు.”