సూర్యుడికి బొట్టు

సకల లోకాలనూ ఏలే సూర్యభగవానుడు ఆ కాలానికి ప్రతి వంటింటి గోడమీదా కొలువుదీరాడు. అంతరిక్షంలోని ఎక్స్-రే దుర్భిణులు పంపే ఆయన దివ్యమంగళ స్వరూపాన్ని, నల్లని బింబం చుట్టూ మెలికలు తిరిగే జ్వాలలతో సహా, పోపు వేస్తూ దర్శించవచ్చు. సూళ్లూరుపేట సుభాషిణి భర్త పెంచలరావు కక్ష్యలో ఆ దుర్భిణుల అద్దాలు తుడిచే ఉద్యోగి. సూర్యుడిపై పెద్ద మంట లేస్తే అక్కడ ఆరుబయట ఉన్నవాడు బతకడు. అందుకే ఇల్లాలు గోడమీది బొమ్మ చూసి రేడియోలో పోయిరమ్మంటేనే అక్కడివాళ్లు నౌక గది దాటుతారు. ఎదురు రావడమనే సనాతన శకునం అలా ఆకాశానికెక్కింది.

"చల్లగా ఉండాడు, పోయిరండి," అన్నాకే సుభాషిణి బింబం అంచున ఎర్రటి మచ్చను గమనించింది. తాకితే వేలికి తడిగా అంటింది.

"ఏందత్తా ఇది?"

"కుంకం బొట్టుమే! ఆదివారం పూట సూరీడు బోసిగా ఉంటే ఎట్టా?" అంది అత్త కోటమ్మ.

తుడిచేసరికి దాని కింద మంట ఒకటి పడగ విప్పి ఉంది.

"లోపలికొచ్చేయండి! మంట లేచింది!" సుభాషిణి రేడియోలో అరిచింది.

"ఇప్పుడేగదే పొమ్మన్నావు?" పెంచలరావు నవ్వు సగంలోనే గరగరలో కలిసిపోయింది.

"వాడేమన్నాడుమే?"

కోడలు కుంకం అంటిన వేలు చూపించింది. కోటమ్మ అలవాటు చొప్పున చేతులు జోడించింది గాని, కొడుకును కాపాడమని ఎవరిని వేడుకోవాలో ఆమెకు తోచలేదు.